పిల్లల్ని రకాలుగా విడదీయడమా, పాఠాన్ని రకరకాలుగా చెప్పడమా: ఏది మేలు?

టెట్, డీఎస్సీలకు చదివినవాళ్లకి హోవార్డ్ గార్డనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త అంటే ఒక బిట్టు. 1983, బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం (తెలివి ఒక్కటే కాదు, భాష, లెక్కలు, సంగీతం ఇలా రకరకాలుగా ఉంటుందన్నది), మొదట ఏడు ప్రజ్ఞలు, తర్వాత ఎనిమిదోదిగా ప్రకృతి ప్రజ్ఞ. పరీక్షకి అది చాలు. అసలు తికమక క్లాసులోకి వెళ్లాక మొదలవుతుంది, ఎందుకంటే ఈ ఒక్క సిద్ధాంతం పేరు చెప్పే రెండు పద్ధతులు నడుస్తున్నాయి, ఆ రెండింటికీ అసలు పొసగదు.

మొదటిది, ఏ పిల్లకి ఏ ప్రజ్ఞ ఎక్కువో కనిపెట్టి ఆ దారిలోనే చెప్పడం, అంటే పాడేవాడికి పాటతో, బొమ్మలేసే అమ్మాయికి బొమ్మతో. రెండోది, ఎవరినీ విడదీయకుండా ఒకే పాఠాన్ని అందరికీ రెండు మూడు దారుల్లో చెప్పడం. ఇక మూడోది మనకి ఎప్పట్నుంచో ఉన్నదే: బోర్డు, చాక్‌పీసు, నోట్సు, ఇంపార్టెంట్ ప్రశ్నలు.

నా ఓటు రెండోదానికి, అదీ ఒక షరతు మీద.

మొదటి పద్ధతి తల్లిదండ్రులకి భలే నచ్చుతుంది, మా వాడిలోనూ ఏదో ఉందంటే ఎవరికి చేదు? కానీ ఏడేళ్ల వాడికి "వీడిది సంగీత ప్రజ్ఞ" అని ముద్ర వేశాక జరిగేదేమిటంటే, లెక్కల్లో వాణ్ని గట్టిగా పట్టించుకోవడం తగ్గిపోతుంది, వాడు కూడా నాకు లెక్కలు రావులే అని తీర్మానించేసుకుంటాడు. పిల్లవాడి అభ్యసన శైలికి, అంటే చూసి నేర్చుకుంటాడా విని నేర్చుకుంటాడా అన్న తీరుకి, తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటాడన్న మాటకి సరైన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి తేల్చారు. నా ప్రజ్ఞలు వేరు, మీరనే అభ్యసన శైలులు వేరు అని 2013లో గార్డనరే రాశాడు. ఆయన ఎనిమిది ప్రజ్ఞల సిద్ధాంతానికి కూడా విమర్శకులు తక్కువేం కాదు. ఇక వేలిముద్రలు తీసుకుని మీ పిల్లల ప్రజ్ఞ చెబుతామంటూ స్కూళ్ల చుట్టూ తిరిగే డీఎంఐటీ వాళ్లున్నారే, ఆ డబ్బుతో నాలుగు కథల పుస్తకాలు కొనివ్వండి, గార్డనర్ సిద్ధాంతంలో వేలిముద్రల ఊసే లేదు.

రెండోదానికి నేను పెట్టే షరతు ఏమిటంటే, దారులు పాఠంలోంచి రావాలి. ఎనిమిది గళ్ల పట్టిక గీసుకుని ప్రతి గడీకీ ఒక యాక్టివిటీ నింపితే అది లెసన్ ప్లాన్‌లో బాగుంటుంది, పీరియడ్‌లో పిల్లలకి అందేది గోల. ఛందస్సు తీసుకోండి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని బట్టీ పట్టించే బదులు "రాముడు" అని చప్పట్లతో సాగదీసి పలికిస్తే, మొదటి అక్షరం దగ్గర ఆగింది కాబట్టి గురువు, తర్వాతవి రెండూ లఘువులు, ఇది భగణం అని వాళ్లే చెప్పేస్తారు. ఇక్కడ లయ పాఠంలోనే ఉంది, అందుకే పాట రాని పిల్లకి కూడా పనికొస్తుంది. అదే భిన్నాల మీద పాట కడితే? పాట వస్తుంది, భిన్నం రాదు. మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదనుకునే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు, వాళ్ల చేత ఒకే కొలత కాగితాలు రెండు ఇచ్చి, ఒకదాన్ని మూడు, ఇంకోదాన్ని నాలుగు సమాన భాగాలుగా మడతపెట్టించి పక్కపక్కన పెట్టించాలి, తర్వాత సంఖ్యారేఖ మీద గుర్తు పెట్టించాలి, ఆ తర్వాతే లెక్కలు. కాగితం దగ్గరే ఆగిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే మూడో పద్ధతిని నేను తీసిపారేయను. అర్థమయ్యాక చేయి తిరగాలంటే నోట్‌బుక్‌లో లెక్కలు చేయాల్సిందే, మొక్క భాగాల్ని నాటకంలో అద్భుతంగా చూపించినవాడు కూడా పరీక్షలో జవాబు రాయాల్సిందే. పైగా ఒకే టీచరు అయిదు తరగతులు చూసుకునే బడిలో ప్రతి పాఠానికీ మూడు దారులంటే అయ్యే పని కాదు, సిలబస్ టెన్షన్ ఎలాగూ ఉంటుంది. కాబట్టి భిన్నాలు, స్థానవిలువ, ఛందస్సులాంటి పిల్లలు ఏటా తడబడే చోట్లే ఆ అదనపు పీరియడ్ ఖర్చుపెట్టండి. ఎక్కాలకి ఇంత హంగామా అక్కర్లేదు, రోజూ పది నిమిషాలు అప్పజెప్పించుకుంటే వస్తాయి.