చాసిస్ నంబరు కనిపించని దిగుమతి కారుకు రిజిస్ట్రేషన్: ఒక ఏజెన్సీ సేవలపై సమీక్ష

విదేశం నుంచి తెప్పించుకున్న నా పాత జాగ్వార్ ఈ-టైప్‌కు తయారీ ప్లేటు ఊడిపోయి, చాసిస్ నంబరు (బండి ఫ్రేముపై కొట్టే గుర్తింపు సంఖ్య) రంగు పొరల కింద మరుగునపడటంతో, రిజిస్ట్రేషన్ పత్రాలు సిద్ధం చేసిపెట్టే ఒక ఏజెన్సీని ఆశ్రయించాను. అక్షరాలు, అంకెలు కలిపి పదిహేడు ఉండే గుర్తింపు సంఖ్య ప్రమాణంగా స్థిరపడింది 1981లో. అంతకుముందు ఒక్కో కంపెనీ ఒక్కో చోట, ఒక్కో తీరున నంబరు వేసేది కనుక, ఎక్కడ వెతకాలో తెలిసినవారి వల్లనే ఈ పని అవుతుంది.

వీరి నిపుణుడు గ్రైండర్ జోలికి పోలేదు. ముందరి ఫ్రేములో కుడివైపు షాక్ అబ్జార్బర్ పైభాగాన రంగును ద్రావకంతో కరిగించి, తుప్పును మెల్లగా తుడిచి, టార్చిలైటును ఏటవాలుగా పట్టగానే అంకెలు ఒక్కొక్కటిగా తేలాయి. స్పష్టంగా లేని అంకెను ఊహించి రాసేయకుండా, ఇంజిన్ నంబరును, గేర్‌బాక్స్ నంబరును కంపెనీ పాత రికార్డులతో సరిపోల్చారు. అనుమతి లేకుండా కొత్తగా నంబరు కొట్టిస్తే దొంగ బండి అన్న అనుమానానికి మనమే తావిచ్చినట్టవుతుందని ముందే హెచ్చరించడం నాకు బాగా నచ్చింది.

అయితే కస్టమ్స్ పత్రంలో నంబరు తప్పుగా పడిన సంగతిని వీరు ఆలస్యంగా గమనించారు. దాన్ని సరిచేయించేదాకా తనిఖీ అధికారి ఫైలును ముట్టుకోలేదు. ఆ అదనపు పనికీ రుసుము వసూలు చేయడం నాకు న్యాయంగా అనిపించలేదు.