పిల్లల ‘పద్యాల కిట్’ కొనేముందు ప్రాస పేజీ ఒక్కటి చూడండి

తెలుగు పద్యాలు నేర్పే కిట్ కొందామనుకునే అమ్మానాన్నలు డబ్బు కట్టకముందే ఇది చదవండి, నేను కట్టాక తెలుసుకున్నాను.

మా పాప ఐదో తరగతి. పోయిన నెల ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి తెప్పించాను, రెండు పుస్తకాలు, కార్డులు, వీడియోల లింకు. బొమ్మలు బాగున్నాయి, కాగితం బాగుంది. పాఠమే తప్పు.

పాదాల చివర ఒకే శబ్దం రావడమే ప్రాస అని మొదటి పేజీలోనే రాశారు. అది అంత్యప్రాస అండీ. మన పద్యాల్లో ప్రాస అంటే అన్ని పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండటం. ‘అక్కరకు రాని చుట్టము’ తీసుకోండి, అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున, నాలుగు చోట్లా ‘క్క’ ఉంది, పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. ఈ పుస్తకంలో మాత్రం చివరనున్న చుట్టము, గుర్రము కింద గీత గీయించి ‘ఏబీఏసీ’ అని రాయించారు! ఇంగ్లిష్ రైమ్స్‌లో చివరి శబ్దాలకి గుర్తుగా వాడే లెక్కని తెచ్చి, కందం అనే ఛందస్సులో ఉన్న ఈ పద్యం మీద పెట్టేశారు.

వేమన పద్యం దగ్గర ఇంకా ఘోరం. అది ఆటవెలది అనే ఛందస్సు, దానికి ప్రాస నియమమే లేదు. అయినా ‘ఉప్పు కప్పురంబు’ పద్యం ఇచ్చి ప్రాస కనిపెట్టమని ఐదు మార్కుల ప్రశ్న. లేనిదాన్ని వెతికి వెతికి ‘నాకు తెలుగు రాదు నాన్నా’ అని పాప ఏడ్చేసింది, అది విని నాకు కడుపు తరుక్కుపోయింది. నిజానికి ఆ పద్యం రెండో పాదంలో ‘చూడ’కీ ‘జాడ’కీ ప్రాసయతి కుదిరింది. యతి అంటే పాదం మొదటి అక్షరానికి అదే పాదంలో తర్వాత ఒక నిర్ణీత చోటునున్న అక్షరం జత కుదరడం, ఇక్కడ ఆ అక్షరాల బదులు వాటి పక్కనున్న ‘డ’ కలిసింది, అది చూపిస్తే పిల్లలు ఎంత సంబరపడతారో. దాని ఊసే లేదు.

ఫోన్ చేస్తే సీల్ తీశాక రిటర్న్ లేదన్నారు. తప్పులన్నిటికీ ఫొటోలు తీసి మెయిల్ చేశాను, టీమ్‌కి చెప్తామన్నారు, అంతే, మళ్లీ జవాబు లేదు.

కాబట్టి ముందు శాంపిల్ పేజీలు అడగండి. ప్రాస గురించి చెప్పేచోట ‘రెండో అక్షరం’ అన్న మాట లేకపోతే వదిలేయండి. వృత్తాలు కూడా నేర్పుతామంటే ఉత్పలమాలకి యతి 10వ అక్షరం, చంపకమాలకి 11వ అక్షరం అని ఉందో లేదో చూడండి. శాంపిల్ చూపించడానికి నసిగితే అసలు కొనొద్దు.

ఇప్పుడు మేం ఇంట్లో ఉన్న పాత శతకం తీసి రోజుకో కందం చదువుతున్నాం, పాప రెండో అక్షరాలకి పెన్సిల్‌తో సున్నాలు చుడుతోంది.