ఎనిమిదేళ్ళు తోలిన పాత ఫోర్ వీల్ పికప్ గురించి

2017లో పలాసలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2011 మోడల్, డబుల్ క్యాబిన్, డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్. కంపెనీ పేరు రాయను, రాస్తే మెచ్చుకునేవాళ్ళు ఒక పక్క, తిట్టేవాళ్ళు ఒక పక్క చేరి అసలు విషయం పక్కకి పోతుంది. మాకు మందస దగ్గర, మహేంద్రగిరి కొండల అంచున కొంత జీడితోట ఉంది. మార్చి నుంచి మే దాకా పిక్కలు కిందికి దించుకోవాలి. బస్తా ఎనభై కిలోలు, ఎనిమిది బస్తాలు వేస్తే 640 కిలోలు, తోటదాకా తారు రోడ్డు లేదు, మధ్యలో రెండు గెడ్డలు, అంటే కొండవాగులు. అంటే సరదాకి కొన్న బండి కాదు, కానీ మొదటి ఏడాది నేను పెట్టిన ఖర్చంతా సరదాకే.

ముందు గార్డు, పైన లైట్ల పట్టీ, పక్కన స్నార్కెల్ (ఇంజన్‌కి గాలి పైనుంచి అందించే గొట్టం), పెద్ద టైర్లు. అన్నీ బిగించుకుని కాశీబుగ్గలో మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటి బాబూ, పైన పెళ్ళికొడుకునాగ ముస్తాబు చేసీసినావు, కిందన ఒకపాలి సూసినావా?" అన్నాడు. చూడలేదు. కింద దూరి చూస్తే కమాన్ కట్టల బుష్‌లు అరిగి ఇనుము ఇనుముకి తగులుతోంది, షాకులు కారుతున్నాయి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పేరుకే ఉంది. ఆ రోజు నుంచి నా డబ్బు కిందకే పోతోంది, పోయినందుకు బాధ కూడా లేదు.

గార్డు తీసేశాను. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికైతే అవి మరీ ప్రమాదం. స్నార్కెల్ ఇంకా ఉంది, కానీ దాన్ని నమ్మి నీళ్ళలోకి దిగకండి. నాది బిగించినచోట జాయింట్ సరిగ్గా మూయలేదు, ఒకరోజు వాన పడ్డాక ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే అడుగున చెమ్మ. అదే గెడ్డలో అయ్యుంటే ఇంజన్ నీళ్ళు తాగి రాడ్లు వంగేవి.

టైర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కంపెనీ సైజు 245/75 ఆర్ 16, మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. నేను 265/75 వేయించాను. లెక్క వేస్తే చక్రం మొత్తం ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందులో సగమే, అంటే ఒకటిన్నర సెంటీమీటరే, బండి కింద ఖాళీకి కలిసేది. దానికి బదులుగా పోయింది చూడండి: స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునేది, స్పీడోమీటర్ 60 చూపిస్తే అసలు వేగం 62 దాటేది, పదకొండు ఇచ్చే మైలేజీ తొమ్మిదిన్నరకి వచ్చింది, ఎత్తు మీద లాగడం కూడా తగ్గింది. పైగా రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, నాది పసుపు బోర్డు బండి, ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్ళాలి. తిరిగి 245కే వచ్చాను, కాకపోతే ఆల్ టెర్రెయిన్ గళ్ళున్నవి. నిజంగా తేడా తెచ్చింది మాత్రం గాలి. ఖాళీ బండితో బురదలోకి, బారువ ఇసుకలోకి వెళ్ళేముందు 32 నుంచి 20కి దించితే, అరగంట తవ్వి లాగినా రాని బండి దానంతటదే నడిచి వస్తుంది. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ తప్పకుండా ఉండాలి, తారెక్కాక గాలి మళ్ళీ నింపకపోతే టైరు అంచులు కాలిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ బుద్ధి చెప్పింది వెనక హౌసింగ్, అంటే వెనక చక్రాల మధ్య ఇరుసు, గేర్లు ఉండే ఇనప డొప్ప. రెండో వానాకాలం అయ్యాక ఏదో గురగురమని చప్పుడు. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్‌కి బదులు చోడి అంబలి లాంటిది జారింది, అదే రంగు, అదే చిక్కదనం. కొండ మీద నుంచి దిగేసరికి హౌసింగ్ కాలిపోతూ ఉంటుంది, అలాగే గెడ్డలో పెడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు పక్క నుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. గాలి ఆడడానికి పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, నాది మట్టితో మూసుకుపోయింది. బేరింగులు, సీళ్ళు, ఆయిల్, కూలీ కలిపి పద్నాలుగు వేలు. తర్వాత ఆ బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తగిలించి తొట్టి ఎత్తుదాకా తీసుకెళ్ళి కట్టాం, రెండొందల రూపాయల పని. ఇప్పుడు గెడ్డ దగ్గర పది నిమిషాలు ఆగి టీ తాగి మరీ దిగుతాను.

బరువు కోసం వెనక కమాన్‌కి ఒక పట్టీ ఎక్కువ వేయించాను. లోడుతో బాగుంది, ఖాళీగా అయితే గుర్రమే, గుంతల్లో ఒక చక్రం గాల్లో తేలి ఊరికే తిరిగేది, మా ఆవిడ రెండుసార్లు ఎక్కి మూడోసారి ఆటోలో వచ్చింది. పట్టీ తీయించి కొత్త బుష్‌లు, మంచి షాకులు వేశాక సరిపోయింది. కమాన్‌ని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు మాత్రం పని అయిన వారంలోపు మళ్ళీ బిగించండి, కొత్తవి కచ్చితంగా లూజవుతాయి.

క్లచ్ నా తప్పే. మొదట్లో ఎత్తుల మీద హై గేర్‌లోనే సగం క్లచ్ తొక్కుతూ లోడు లాగేవాడిని, ప్లేటు పోయింది. ఫోర్ లోలో, అంటే ఫోర్ వీల్ డ్రైవ్‌లో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా వదిలేస్తే నడిచే మనిషిలా ఎక్కుతుంది. ఇంకో తప్పు, ఫోర్ వీల్ తీయడం మర్చిపోయి హైవే మీద హరిపురం నుంచి పలాస దాకా రావడం. మలుపుల్లో బండి వెనక్కి పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది, లివర్ కూడా బిగుసుకుంది. నాలుగు మీటర్లు రివర్స్ తీసుకుంటే వదిలింది.

తిత్లీ తుఫాను, 2018 అక్టోబరు. తోటలో పడిన చెట్టుని లాగుదామని తాడు బంపర్‌కి కట్టాను. బంపర్ ఊడి వచ్చింది, చెట్టు కదలలేదు. తాడు ఎప్పుడూ ఛాసిస్‌కి వెల్డింగ్ కాకుండా బోల్టులతో బిగించిన హుక్కుకే కట్టాలి, మనుషులు దూరంగా ఉండాలి, తెగిన తాడు కొరడా లాంటిది.

ఇప్పుడు మిగిలిన శత్రువు తుప్పు. బీచ్‌కి వెళ్ళొచ్చిన రోజే కింద మంచినీళ్ళతో కడగకపోతే ఉప్పు తినేస్తుంది, తొట్టి కింద రెండు చోట్ల అతుకులు వేయించాను. కొనేవాళ్ళు పెయింట్ చూడకుండా సుత్తితో ఛాసిస్ తట్టి చూడండి, డొల్లగా మోగితే డబ్బులు జేబులోనే పెట్టుకోండి. నా బండి 3,60,000కి వచ్చింది, ఇప్పటిదాకా బాగుచేతలకి దాదాపు రెండు లక్షలు అయ్యాయి, ఆ అలంకారాల ఖర్చు ఇందులో కలపలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. లైట్ల పట్టీ మాత్రం షెడ్డులో ఉంది, రాత్రిపూట పిక్కలు ఏరడానికి వాడుతున్నాం.