నల్లగొండలో గేర్ బాక్స్ పని: విప్పే చెయ్యి మంచిదే, ఆయిల్ పోసేటప్పుడు మాత్రం దగ్గర నిలబడండి

కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి షెడ్డు పేరు రాయడం లేదు. పట్నంలో మాన్యువల్ గేర్ బాక్స్, క్లచ్ పని మాత్రమే చేసే చిన్న షెడ్డు. ఒకేసారి రెండు బండ్లు పడతాయి. హైదరాబాద్ ట్రిప్పులు కొట్టే టాక్సీలే ఎక్కువ.

"గేరు పడ్తలేదన్నా" అని బండి తెస్తే చాలా చోట్ల ముందు జాకీ పెడతారు. ఇక్కడ మేస్త్రి ఇంజన్ ఆపించి, క్లచ్ తొక్కించి, అన్ని గేర్లూ వేసి చూస్తాడు. ఆపినప్పుడు మెత్తగా పడి, స్టార్ట్ చేశాక అన్నీ మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవట్లేదన్న మాట. కేబుల్ సాగిందా, హైడ్రాలిక్ అయితే సిలిండర్ కారుతోందా, గాలి చేరిందా అని అక్కడ వెతుకుతాడు. చాలా బండ్ల కథ అక్కడే అయిపోతుంది, బాక్సు దించే పనే ఉండదు.

తర్వాత చెవి పరీక్ష. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు మోత వచ్చి, తొక్కగానే పోతే ముందుగా ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడును బాక్సులోకి తెచ్చే కడ్డీ) బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడే మోత వస్తే క్లచ్‌ను తోసే రిలీజ్ బేరింగ్. ఒక్క రెండో గేరే గర్రుమంటే సింక్రో రింగు, అంటే గేరు పడేముందు తిరిగే భాగాల వేగాన్ని కలిపే ఇత్తడి రింగు. గేరు దుంకి న్యూట్రల్‌లోకి వస్తుంటే గేరును పట్టి ఉంచే స్లీవ్ పళ్లు, ఆ స్లీవ్‌ను జరిపే ఫోర్కు చూడాలి. ఇంజన్ మౌంటింగ్ చచ్చినా అదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి ఆయన ముందు దాన్ని ఊపి చూస్తాడు. రివర్స్ ఒక్కటే గీకితే భయపడక్కర్లేదు. చాలా చిన్న కార్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయడమే మందు.

ఆయిల్ తీసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్గు వదులు చేసి చూశాకే కింది డ్రెయిన్ ప్లగ్గు ముట్టుకుంటాడు. ఆయిలంతా కారిపోయాక ఫిల్లర్ ప్లగ్గు ఊడి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది మరి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి అంటిన మడ్డిని రెండు వేళ్ల మధ్య నలుపుతాడు. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. గోటికి గుచ్చుకునే పెచ్చులు వస్తే పన్నో బేరింగో విరుగుతున్నట్టు. ఆ తర్వాత ట్రేలోని ఆయిల్‌ను ఎండకు పెట్టి వంచుతాడు. అయస్కాంతం పట్టని పసుపు మెరుపు కనిపిస్తే అది ఇత్తడి రజను, అంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. వానాకాలంలో వాగు మీది లోలెవల్ వంతెన నీళ్లలోంచి వచ్చిన బండి ఆయిల్ పాలెక్కువైన చాయ్ రంగులో ఉంటుంది. బాక్సులోకి గాలి ఆడే బ్రీదర్ గొట్టంలోంచి నీళ్లు పోయాయన్న మాట. అలాంటి దానికి ఒకసారి ఆయిల్ మార్చి ఊరుకోరు, కొద్ది దూరం నడిపించి మళ్లీ మారుస్తారు. సరైన పని.

బాక్సు విప్పితే సింక్రో రింగును అది కూర్చునే కోన్ (గేరు మీది ఏటవాలు భాగం) మీద నొక్కి, రింగు పళ్లకూ గేరు పళ్లకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పల్చటి రేకులు) కొలుస్తారు. కొత్త రింగుకు దాదాపు ఒక మిల్లీమీటరు ఉండాల్సింది అరమిల్లీమీటరుకు పడిపోతే రింగు మార్చాల్సిందే. కంటి చూపుతో "బాగానే ఉంది" అనే షెడ్లకూ దీనికీ తేడా ఇదే. పార్టులు హైదరాబాద్ రాణిగంజ్ నుంచి ఆర్టీసీ కార్గోలో రావాలి, కాబట్టి ఒక రోజు పోతుంది.

ఇక ఫిర్యాదులు. మొదటిది, పెద్దది, ఆయిల్. మూలనున్న డ్రమ్ములోంచి మగ్గుతో తీసి అన్నిటికీ అదే పోస్తారు. అది జీఎల్-5 (జీఎల్ అంటే గేర్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు). బొలెరో వెనక డిఫరెన్షియల్‌కు (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల డబ్బా) అది సరైనదే, అక్కడి హైపాయిడ్ అనే వంపు పళ్లు గట్టిగా రాసుకుంటాయి. కానీ జీఎల్-4 అడిగే చిన్న కారు గేర్ బాక్స్‌కు అది పనికిరాదు. అందులో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ, ఇత్తడిని తినే గుణం ఉంది. పైగా జారుడు ఎక్కువైతే రింగు కోన్‌ను పట్టుకోలేదు. ఖర్చు పెట్టి కొత్త రింగులు వేయించి ఈ ఆయిల్ పోయిస్తే గీకుడు మళ్లీ మొదలవుతుంది. మాన్యువల్లో రాసిన గ్రేడు, చాలా వాటికి 75డబ్ల్యు-80 లేదా 75డబ్ల్యు-90 జీఎల్-4, సీలు డబ్బాలు మీరే కొనుక్కుపోండి. చిన్న పెట్రోల్ కార్లకు సుమారు 2 లీటర్లు పడుతుంది, మూడు లీటరు డబ్బాలు ఉంటే నిశ్చింత. బండి సమంగా నిలబడి ఉండగా ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా రావాలి, అంతే. ఎక్కువ పోస్తే సీళ్లలోంచి తోసుకొస్తుంది.

రెండోది, యాక్సిల్ సీళ్లు. బాక్సు నుంచి చక్రాలకు పోయే డ్రైవ్ షాఫ్టులు లాగాక పాత సీళ్లే ఉంచేస్తారు. చెప్తేనే మారుస్తారు. బాక్సు దించే ఉంది కాబట్టి ఇంజన్ వెనక సీలు కూడా అప్పుడే చూపించమనండి. కొత్త క్లచ్ ప్లేటు మీద ఆయిల్ పడితే ప్లేటు పోయినట్టే, మళ్లీ దించాల్సిందే. డ్రెయిన్ ప్లగ్గు ఎయిర్ గన్నుతో బిగించడం ఇంకో దురలవాటు. అల్యూమినియం కేసు మరలు లేచిపోతాయి, చేతి రెంచితో బిగించమని గట్టిగా చెప్పాలి.

ఏఎంటీ (క్లచ్, గేర్లు తనంతట తానే వేసుకునే) బండ్లు ఇక్కడికి తేకండి. లోపలిది మామూలు గేర్ బాక్సే అయినా, క్లచ్ మార్చాక అది పట్టుకునే పాయింటును స్కానర్‌తో నేర్పించాలి. వీళ్ల దగ్గర ఆ స్కానర్ లేదు. అది లేకుండా బండి ఎత్తుకునేటప్పుడు కుదుపు పోదు. సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) సంగతి సరేసరి.

పాత రింగులు, బేరింగులు అడగకుండానే సంచిలో వేసి చేతికిస్తారు. బిల్లు మాత్రం అడిగితేనే, అదీ చిట్టీ మీద.