రీపోలింగా, సగం ఓటా? ఫ్లోరిడా, మిషిగన్ పేచీలో ఏది మేలు

2008 జనవరి 15న మిషిగన్‌లో డెమోక్రాటిక్ ప్రైమరీకి, అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికకి, వెళ్ళిన ఓటరు చేతికొచ్చిన బ్యాలెట్ మీద హిల్లరీ క్లింటన్ పేరుంది. క్రిస్ డాడ్ పేరుంది, కానీ ఆయన అప్పటికే పోటీలోంచి తప్పుకున్నారు. డెనిస్ కుసినిచ్, మైక్ గ్రావెల్ ఉన్నారు. బరాక్ ఒబామా లేరు, జాన్ ఎడ్వర్డ్స్ లేరు. ఆ ఇద్దరిలో ఎవరికైనా వేయాలని వచ్చినవాళ్ళకి మిగిలింది ఒక్కటే గడి: ‘అన్‌కమిటెడ్’, అంటే ఎవరికీ కట్టుబడలేదని. పోనీ ఒబామా పేరు చేత్తో రాద్దామా అంటే, అందుకు ఇవ్వాల్సిన కాగితాలు ఆయన ఇవ్వలేదు కాబట్టి ఆ ఓటు లెక్కలోకి రాదు. ఇది మన నోటా లాంటిది కాదు. నోటాకి ఎన్ని ఓట్లు పడ్డా సీటు రాదు, అన్‌కమిటెడ్‌కి మాత్రం డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభకు వెళ్ళి అభ్యర్థిని ఎంచుకునే ప్రతినిధులు, వస్తారు. ఆ రోజు క్లింటన్‌కి 55 శాతం పడితే, ఈ ఊరూ పేరూ లేని గడికి 40 శాతం పడింది.

రెండు వారాల తర్వాత, జనవరి 29న, ఫ్లోరిడా ఓటేసింది. అక్కడ బ్యాలెట్ మీద అందరి పేర్లూ ఉన్నాయి. దాదాపు 17 లక్షల 50 వేల మంది వచ్చారు. క్లింటన్‌కి 50 శాతం, ఒబామాకి 33, ఎడ్వర్డ్స్‌కి 14. ప్రచారం మాత్రం ఎవరూ చేయలేదు, చేయబోమని ముందే మాట ఇచ్చారు.

అధికారికంగా ఈ రెండు పోలింగులకూ విలువ సున్నా. ఫిబ్రవరి 5 కంటే ముందు ప్రైమరీ పెట్టుకునే వీలు అయోవా, న్యూహాంప్‌షైర్, నెవాడా, సౌత్ కరోలినాలకే ఉందని పార్టీ జాతీయ కమిటీ నిబంధన. అయినా ఈ రెండు రాష్ట్రాలూ తేదీని ముందుకు జరుపుకున్నాయి. పార్టీ ఫ్లోరిడాకి 2007 ఆగస్టులో, మిషిగన్‌కి డిసెంబర్‌లో మొత్తం డెలిగేట్లను కోసేసింది. నిబంధన ప్రకారం మామూలుగా పడే కోత సగమే. మిగతా రాష్ట్రాలకు బుద్ధి రావాలని కమిటీ నూటికి నూరు శాతం కోసింది. మార్చి వచ్చేసరికి క్లింటన్, ఒబామా మధ్య పోటీ నువ్వా నేనా అన్నట్టు తయారైంది. సున్నా అనుకున్న ఓట్లకి అప్పుడు గిరాకీ వచ్చింది.

ఆ మూడు నెలలు నలిగిన దారులు నాలుగు. జనవరి ఓటునే పూర్తిగా లెక్కేయడం, అసలు లెక్కేయకపోవడం, మళ్ళీ ఓటు పెట్టడం, ఓటుకి సగం విలువ ఇవ్వడం. ఈ రెండు రాష్ట్రాలనూ అందరూ ఒకే గాటన కట్టేశారు. నా దృష్టిలో పొరపాటు అక్కడే మొదలైంది, ఎందుకంటే ఫ్లోరిడా జబ్బు వేరు, మిషిగన్ జబ్బు వేరు.

మొదటి రెండు దారుల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. జనవరి ఓటును ఉన్నదున్నట్టు లెక్కేయడమంటే, నిబంధనకి విరుద్ధమని మిషిగన్ బ్యాలెట్ మీంచి పేరు తీసేసుకున్న ఒబామాకి సున్నా ఇవ్వడమే. నిబంధన పాటించినందుకు శిక్ష, ఉల్లంఘించినవాళ్ళకి బహుమానం అన్నమాట. పైగా ఆ ఎన్నిక దేనికీ లెక్కలోకి రాదని 2007 అక్టోబర్‌లో రేడియోలో అన్నది క్లింటనే. అసలు లెక్కేయకపోవడమూ కుదిరే పని కాదు. నవంబర్‌లో అధ్యక్ష ఎన్నిక గెలవాలంటే ఈ రెండు రాష్ట్రాలూ కావాలి. మీ ఓటు మాకు అక్కర్లేదని ఇప్పుడు చెప్పి, ఐదు నెలల తర్వాత ఓటేయండంటూ అదే గడప తొక్కడం ఏ పార్టీకైనా ఇబ్బందే. ఫ్లోరిడా సెనేటర్ బిల్ నెల్సన్ అప్పటికే కోర్టుకి వెళ్ళి ఓడిపోయారు. తన అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి పార్టీ సొంత వ్యవహారమని అమెరికా సుప్రీంకోర్టు 1981లో విస్కాన్సిన్ కేసులోనే తేల్చేసింది.

ఇక మళ్ళీ ఓటు. మనకి వెంటనే తట్టేది ఇదే. ఈవీఎం పగలగొట్టారు, ఓటర్లను రానివ్వలేదు అనగానే రీపోలింగ్ కావాలంటాం. 2019లో చంద్రగిరి నియోజకవర్గంలో 7 పోలింగ్ కేంద్రాల్లో అలాగే మళ్ళీ ఓటు పెట్టారు. ఏప్రిల్ 11న పోలింగ్ అయితే రీపోలింగ్ మే 19న. నెల దాటాక ఇదేమిటని అప్పట్లో ఎంత రభస జరిగిందో గుర్తుండే ఉంటుంది. అయినా అక్కడ జాబితా అదే, అభ్యర్థులు వాళ్ళే, ఖర్చు ప్రభుత్వానిది, అన్నిటికంటే ముఖ్యంగా పెట్టెలు తెరవలేదు. ఎవరికి ఎన్ని పడ్డాయో ఎవరికీ తెలియదు. అమెరికాలో 2008 మార్చి నాటికి ఫలితాలు గోడ మీద రాసినట్టు కనిపిస్తున్నాయి. మళ్ళీ ఓటు పెడితే ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో ఇద్దరు అభ్యర్థులకూ లెక్క తెలుసు. అప్పుడు న్యాయం గురించి ఎవరు నోరు తెరిచినా దాని వెనక డెలిగేట్ల లెక్కే ఉంటుంది.

ఫ్లోరిడాలో రాష్ట్ర పార్టీ అధ్యక్షురాలు కారెన్ థర్మన్ పోస్టులో బ్యాలెట్లు పంపి ఓటు తీసుకునే పథకం ఒకటి ముందు పెట్టారు. ఖర్చు సుమారు కోటి డాలర్ల పైమాటే. చిల్లిగవ్వ కూడా ఇచ్చేది లేదని జాతీయ కమిటీ అధ్యక్షుడు హోవర్డ్ డీన్ చెప్పేశారు. న్యూజెర్సీ గవర్నర్ జాన్ కార్జైన్, పెన్సిల్వేనియా గవర్నర్ ఎడ్ రెండెల్ విరాళాలు పోగుచేస్తామన్నారు, కానీ ఇద్దరూ క్లింటన్ పక్షం. పోటీలో ఉన్న ఒక మనిషి తరఫువాళ్ళు డబ్బు పెట్టి నడిపించే ఎన్నిక ఎంత శుభ్రంగా జరిగినా ఓడినవాళ్ళు ఒప్పుకుంటారా? అసలు చిక్కు ఇంకొకటుంది. పోస్టులో వచ్చిన కవరు మీది సంతకం నిజంగా ఆ ఓటరుదేనా? సరిచూడాలంటే నమూనా సంతకాలు ప్రభుత్వ ఎన్నికల కార్యాలయాల్లో ఉన్నాయి, ఎన్నికేమో పార్టీ సొంతంగా పెట్టుకుంటున్నది. పైగా 5 కౌంటీల్లో ఓటు పద్ధతి మార్చాలంటే అప్పట్లో కేంద్ర న్యాయశాఖ అనుమతి తప్పనిసరి. మార్చి 17న థర్మన్ చేతులెత్తేశారు. వేలమంది రాసిన ఉత్తరాలు చదివాక ఫ్లోరిడాకి మళ్ళీ ఓటేయాలని లేదని అర్థమైందని ప్రకటించారు.

నన్నడిగితే ఫ్లోరిడాలో రీపోలింగ్ అక్కర్లేదు కూడా. అందరి పేర్లూ ఉన్నాయి. ప్రచారం లేకపోవడం అందరికీ సమానమే. (ప్రచారం లేకపోతే జనానికి బాగా తెలిసిన పేరుకే లాభం కదా అని ఒబామా వాళ్ళు అన్నారు. నిజమే, కానీ తెలిసిన పేరు కావడం నేరం కాదు కదా.) లెక్కలోకి రాదని తెలిసి ఇంట్లో ఉండిపోయినవాళ్ళు ఉండొచ్చు. కానీ అదే రోజు ఆస్తి పన్ను తగ్గించే రాజ్యాంగ సవరణ మీదా ఓటు ఉంది, దానికోసమని చాలామంది ఎలాగూ వచ్చారు. తేదీ మార్చిన శాసనసభలో రిపబ్లికన్లదే మెజారిటీ, సంతకం పెట్టిన గవర్నర్ చార్లీ క్రిస్ట్ కూడా అప్పట్లో రిపబ్లికనే. అదే బిల్లులో కాగితం బ్యాలెట్లు తెచ్చే ఏర్పాటూ ఉండటంతో డెమోక్రాట్లు కూడా చాలామంది సరే అన్నారు కాబట్టి వాళ్ళు పూర్తిగా అమాయకులని అనను. తప్పు చేసింది నాయకులు, ఓటు మాత్రం ఓటరుది. అలాంటప్పుడు ఆ ఓటును సగానికి తగ్గించి లెక్కేయడం సరైన పనే అనిపిస్తుంది.

మిషిగన్ సంగతి అలా కాదు. ఇక్కడ బిల్లు మీద సంతకం పెట్టిన గవర్నర్ జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ డెమోక్రాటే. అయోవా, న్యూహాంప్‌షైర్లకే ఎప్పుడూ మొదటి వరస ఎందుకని సెనేటర్ కార్ల్ లెవిన్ ఏళ్ళ తరబడి కొట్లాడుతూ వచ్చారు. ఆ వాదనలో బలముంది, పంతం పట్టడానికి ఎంచుకున్న దారే బాగాలేదు. అభ్యర్థుల్లో సగంమంది పేర్లు లేని బ్యాలెట్‌ని సగం విలువతో లెక్కేసినా, పూర్తి విలువతో లెక్కేసినా అది ఎన్నిక అనిపించుకోదు. రీపోలింగ్ ఎక్కడైనా న్యాయమైతే అది ఇక్కడే.

జూన్ 3న మళ్ళీ ప్రైమరీ పెడదామని మిషిగన్‌లో ఒక పథకం తయారైంది. క్లింటన్ మార్చి 19న స్వయంగా డెట్రాయిట్ వచ్చి మళ్ళీ ఓటు పెట్టాల్సిందేనన్నారు. ఒబామా లాయర్లు సందేహాల చిట్టా విప్పారు. అందులో ఒకటి మాత్రం సాకు కాదు, నిజమైన ముడి. మిషిగన్‌లో ఓటరు ఫలానా పార్టీ అని నమోదు చేసుకోడు. పోలింగ్ రోజున వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు. జనవరిలో తమ అభ్యర్థి పేరే లేని డెమోక్రాటిక్ బ్యాలెట్ ఎందుకని కొందరు రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్నారు. కొత్త పథకం ప్రకారం వాళ్ళు జూన్‌లో ఓటేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఒకే సీజన్‌లో రెండు పార్టీల ఎంపికలో వేలు పెట్టకూడదు. ఆ నిబంధన సబబే. కానీ అలా ఆగిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఒబామా మనుషులే అయ్యుంటారు. ఎవరు ఏ బ్యాలెట్ తీసుకున్నారన్న జాబితాను రెండు పెద్ద పార్టీలకే ఇచ్చే చట్టాన్ని కూడా మార్చి చివర్లో ఫెడరల్ న్యాయమూర్తి కొట్టేశారు. జాబితా లేకపోతే ఎవరిని ఆపాలో, ఎవరిని రానివ్వాలో ఎలా తెలుస్తుంది? అంతకుముందే, మార్చి 20న, శాసనసభ ఏమీ తేల్చకుండా సెలవులకు వెళ్ళిపోయింది.

ఇది రీపోలింగ్ తప్పు కాదు, ఆలస్యం తప్పు. 2007 డిసెంబర్‌లో, ఒక్క ఓటు కూడా పడకముందు, మరో తేదీన పార్టీయే కాకస్ (పార్టీ సొంతంగా జరిపే ఎంపిక సమావేశం) పెట్టుకుంటుందని తేల్చి ఉంటే ఈ ముడి పడేదే కాదు. ఏ ఫలితం ఎవరికి వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు కనుక అభ్యంతరాలూ తక్కువే ఉండేవి. చేతులు కాలాక ఆకులు వెతికితే ఆకుల ధర కూడా మనమే కట్టాలి.

చివరికి మే 31న వాషింగ్టన్‌లోని మారియట్ వార్డ్‌మన్ పార్క్ హోటల్లో నిబంధనల కమిటీ కూర్చుంది. బయట, లోపల క్లింటన్ అభిమానుల నినాదాలు. మధ్యాహ్నం భోజనానికని లేచిన సభ్యులు గంటల తరబడి తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక ఫ్లోరిడా మీద వాదనే లేదు, 27-0తో తేలిపోయింది. జనవరి ఓటు ప్రకారం క్లింటన్‌కి 105, ఒబామాకి 67, ఎడ్వర్డ్స్‌కి 13 మంది డెలిగేట్లు, ఒక్కొక్కరికీ అర ఓటు. మొత్తంగా క్లింటన్‌కి దక్కిన ఆధిక్యం 38 కాదు, 19.

మిషిగన్‌కి వచ్చేసరికి కమిటీ చేసిన పని ఆ నాలుగు దారుల్లో ఏదీ కాదు. ఓటు ప్రకారమైతే క్లింటన్‌కి 73, అన్‌కమిటెడ్‌కి 55. కమిటీ 69-59 అని పంచింది, ఒక్కొక్కరికీ అర ఓటు. అన్‌కమిటెడ్ ఓట్లు, ఎగ్జిట్ పోల్స్, చేత్తో రాసిన పేర్లు, ఇవన్నీ కలిపి రాష్ట్ర పార్టీ ఒక అంచనా వేసింది, దాన్నే కమిటీ 19-8తో ఖాయం చేసింది. తమ డెలిగేట్లు నలుగురిని లాగేసుకున్నారని క్లింటన్ సలహాదారు హెరాల్డ్ ఐకిస్ మండిపడ్డారు. మహాసభ దాకా పోరాడే హక్కు అట్టేపెట్టుకోమని ఆమె చెప్పిందన్నారు. ఆట చివర్లో నిబంధనలు మార్చడం మోసమని మా అమ్మ నేర్పిందంటూ కమిటీ సభ్యురాలు డోనా బ్రజీల్ అదే సభలో మాట్లాడారు. తమాషా ఏమిటంటే 2007లో ఈ రాష్ట్రాల డెలిగేట్లను మొత్తం కోయాలన్న కమిటీలో ఐకిస్ కూడా ఉన్నారు, కోతకే ఓటేశారు. అయినా ఆ నలుగురి విషయంలో మాత్రం ఐకిస్ మాటే సరైనదని నా లెక్క. ఓటరు వేయని ఓటును కమిటీ ఊహించి వేయడం అన్నిటికంటే చెడ్డ దారి. అంతకన్నా సగం-సగం పంచి ఇది ఎన్నిక కాదు, సర్దుబాటు అని ఒప్పుకుంటే నిజాయితీగా ఉండేది.

మరి సగం కోతే మందు అనుకుంటే, రిపబ్లికన్ల అనుభవం చూడాలి. 2008లో వాళ్ళు తేదీ దాటిన రాష్ట్రాలకు మొదటినుంచీ సగమే కోశారు. రీపోలింగ్ గొడవే రాలేదు. అభ్యర్థులు వెళ్ళారు, ప్రచారం చేశారు, మిషిగన్‌లో రామ్నీ, ఫ్లోరిడాలో మెకెయిన్ గెలిచారు. గొడవ రాకపోవడం మంచిదే, కానీ భయం కూడా రాలేదు. 2012లో ఫ్లోరిడా మళ్ళీ జనవరి 31కి జరుపుకుంది. 99 మంది డెలిగేట్లలో 49 మంది పోతే పోనీ, దేశమంతా మనవైపు చూస్తే చాలనుకుంది. 2016కి రిపబ్లికన్లు పెద్ద రాష్ట్రం నిబంధన తప్పితే 12 మందికి దించేస్తామన్నారు. ఫ్లోరిడా బుద్ధిగా మార్చి 15కి వెళ్ళిపోయింది.

అందుకే నా ఓటు ఇలా. శిక్ష ఎంతో ఓటుకి ముందే రాసి ఉండాలి, గట్టిగా ఉండాలి, తర్వాత బేరాలు ఉండకూడదు. అందరి పేర్లూ ఉన్న బ్యాలెట్ అయితే ఆ కోతతోనే లెక్కేయాలి, రీపోలింగ్ వద్దు. పేర్లు లేని బ్యాలెట్ అయితే రీపోలింగే మేలు, కానీ దాని తేదీ, ఖర్చు, జాబితా మొదటి పోలింగ్ కంటే ముందే తేలాలి. అది కుదరనప్పుడు సగం-సగం.

2024లో ఈ ‘ముందే తేలాలి’ అన్న మాటకు రెండు రకాల ఉదాహరణలు దొరికాయి. సౌత్ కరోలినా ముందు అని డెమోక్రాట్లు నిర్ణయించినా, మేమే మొదలుండాలనే తమ రాష్ట్ర చట్టం ప్రకారం న్యూహాంప్‌షైర్ జనవరి 23నే ప్రైమరీ పెట్టింది. బైడెన్ పేరు బ్యాలెట్ మీద లేకపోయినా జనం చేత్తో రాసి గెలిపించారు. ఏప్రిల్ చివర్లో రాష్ట్ర పార్టీ మరో చిన్న ఎంపిక కార్యక్రమం జరిపింది, జాతీయ కమిటీ సీట్లు ఇచ్చేసింది. పేరుకి రీపోలింగ్, నిజానికి ముఖం దక్కించుకునే తంతు.

మిషిగన్ రిపబ్లికన్లది మాత్రం ముందుచూపు. రాష్ట్రం ప్రైమరీని ఫిబ్రవరి 27కి జరపడం వాళ్ళ జాతీయ పార్టీ నిబంధనకి విరుద్ధం. అందుకని 55 మందిలో 16 మందిని ప్రైమరీలో, మిగతా 39 మందిని మార్చి 2న సొంత సమావేశాల్లో ఎంచుకుంటామని ముందే చెప్పేశారు. డెమోక్రాట్లకైతే ఈసారి ఆ తేదీకి జాతీయ కమిటీ అనుమతి ఉంది. బ్యాలెట్ మీద బైడెన్ పేరుంది, దాంతో పాటు అన్‌కమిటెడ్ గడీ ఉంది. గాజా యుద్ధం మీద కోపంతో ఉన్నవాళ్ళు లక్షమందికి పైగా ఆ గడిలోనే గుర్తు పెట్టారు. దానికి ఇద్దరు డెలిగేట్లు వచ్చారు, వాళ్ళెవరి మనుషులని ఏ కమిటీ ఊహించాల్సిన పని పడలేదు.