హసన్‌పర్తి రోడ్డు మీద ఏది మేలు: బస్సా, షేర్ ఆటోనా, బైకా?

మాది వరంగల్ పక్కన హసన్‌పర్తి. నాకు హన్మకొండ చౌరస్తాలో పని, మా ఆవిడకు ఇంకా ముందుకు, వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి దగ్గర. ఒకప్పుడు మా ఇద్దరిదీ ఒకటే లెక్క: రోడ్డు మీదికి వచ్చి నిలబడితే బస్సు ముందొస్తే బస్సు, ఆటో ముందొస్తే ఆటో. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు ఛార్జీ లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకే రోడ్డుకు రెండు లెక్కలు నడుస్తున్నాయి.

ముందు ఆమె లెక్క. షేర్ ఆటోకు ఇక్కడి నుంచి చౌరస్తాకు ఇరవై రూపాయలు అనుకుందాం. రానూపోనూ నలభై, నెలకు పాతిక రోజులైతే వెయ్యి. చౌరస్తాలో దిగి ఎంజీఎంకు ఇంకో ఆటో ఎక్కితే అది వేరే. బస్సులో ఈ రెండూ సున్నా. వెయ్యి మిగలడం ఒక ఎత్తయితే, మధ్యలో బస్సు మారడానికి వెనకాడకపోవడం ఇంకో ఎత్తు. ఇదివరకు నేరుగా వరంగల్ పోయే బస్సు కోసం కళ్ళు కాయలు కాసేలా చూసేది. ఇప్పుడు కేయూసీ (కాకతీయ యూనివర్సిటీ క్రాస్) దాకా పోయేది వచ్చినా ఎక్కేస్తుంది, అక్కడ దిగి ఇంకొకటి. ఎన్నిసార్లు మారినా ఖర్చు లేదు కదా.

ఖర్చు లేకపోయినా టికెట్ మాత్రం తీసుకోవాలి. జీరో టికెట్ లేకుండా దొరికితే 500 రూపాయల జరిమానా అని ఆర్టీసీ మొదట్లోనే చెప్పింది. ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టేది ఆ టికెట్ల లెక్క చూసే. దానికి ఒరిజినల్ గుర్తింపు కార్డు కావాలి. ఒక రోజు పొద్దున నా కళ్ళ ముందే జరిగింది. పూల గంప కాళ్ళ దగ్గర పెట్టుకున్న పెద్దమ్మ ఫోన్ తీసి ఆధార్ ఫోటో చూపించింది. "ఫోన్‌ల నడ్వదమ్మా, కార్డు జూపియ్యి" అన్నాడు కండక్టర్. "ఇంట్ల మర్శిన కొడుకా, నా మొకం ఎర్కలేదా నీకు?" అంది ఆమె. బస్సంతా నవ్వింది. ఆమె కొంగు ముడి విప్పి, గొణుక్కుంటూ పైసలు తీసింది.

ఇక నా లెక్క. పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య పల్లెవెలుగు నిండుగా వస్తుంది. ముందు సీట్లు ఆడవాళ్ళవి అని రాసి ఉండేది ఎప్పటి నుంచో ఉన్నదే, ఇప్పుడు వెనక సీట్లు కూడా వాళ్ళవే. నేను పైసలు పెట్టి రాడ్డు పట్టుకుని నిలబడతాను. కోపమేమీ లేదు, మా అమ్మ నెలనెలా ఎంజీఎంకు ఒక్కతే పోయొస్తున్నది కూడా ఈ బస్సుల వల్లే. అయినా చేతిలో బ్యాగు, మెడ మీద ఎవరిదో మోచెయ్యి, నయీంనగర్ ట్రాఫిక్‌లో పావుగంట అంటే ఆఫీసుకు చేరేసరికి మనిషి సగమవుతాడు. దగ్గరి దూరాలకు ఎక్స్‌ప్రెస్ ఎక్కకుండా పల్లెవెలుగు ఎక్కమని అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ ఆడవాళ్ళను కోరారు. ఆ మాట అర్థమైనదే కానీ, పనికి ఆలస్యమవుతుంటే ముందొచ్చిన బస్సును ఎవరు వదులుతారు?

అందుకే మగవాళ్ళు ఆటో వైపు జరిగారు. కానీ ఆటో కూడా మునుపటిది కాదు. డ్రైవర్‌కు ముగ్గురితో గిట్టదు, నిండితేనే కదులుతాడు. ఇదివరకు నింపేది ఆడవాళ్ళే: కూలీకి పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు, కూరగాయల వాళ్ళు. "చౌరస్తా, చౌరస్తా, ఒక్క మనిషి" అని అరిస్తే రెండు నిమిషాల్లో బండి కదిలేది. ఇప్పుడు ఆ "ఒక్క మనిషి" కోసమే పదిహేను నిమిషాలు. "ఆడోళ్ళంత బస్సులల్ల పోతున్రన్నా, మేమేం జెయ్యాలె" అని ఒక డ్రైవర్ నాతో అన్నాడు. ఆటో డ్రైవర్లకు ఏటా 12,000 రూపాయలు ఇస్తామని కాంగ్రెస్ ఎన్నికల్లో చెప్పింది. నా మటుకు ఆటో ఒక్క విషయంలో గెలుస్తుంది: ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతుంది. భీమారం నుంచి కేయూసీ లాంటి చిన్న దూరానికి మగవాళ్ళకు ఇప్పటికీ అదే మేలు.

ఇక బైకు. ఆ బండి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రోజుకు ఇరవై కిలోమీటర్లు, లీటరుకు యాభై ఇస్తే నెలకు పది లీటర్లు. లీటరు వంద దాటింది కాబట్టి ఇదీ ఆటో ఖర్చంతే. ఇద్దరం పోతే బండి చవక. కానీ మా ఆవిడకు బస్సు ఊరికే వస్తుంటే వెనక సీటు ఖాళీగానే పోతుంది. వానాకాలం అసలే వద్దు.

ఏ లెక్కా పనిచెయ్యని రోజులు మేడారం జాతరవి. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరకు ఆర్టీసీ 6,000 బస్సులు అటు మళ్ళించింది. మా రోడ్డు మీద ఆటోల వాళ్ళ ముఖాలు వెలిగింది ఆ వారమే. వాళ్ళు అడిగిందే రేటు. మా ఆవిడ కూడా నోరెత్తకుండా ఇచ్చింది.

కాబట్టి నన్నడిగితే ఆడవాళ్ళకు బస్సే, అందులో చర్చ లేదు, పావుగంట ముందు బయల్దేరితే చాలు. మగవాళ్ళకు పది దాటాక బస్సు, అంతకు ముందు బండి, చిన్న దూరమైతే ఆటో. మొన్న ఆదివారం పెళ్ళి బట్టలకు వరంగల్ పోయాం. అమ్మ, మా ఆవిడ, పాప స్టాపులో బస్సెక్కారు. నేను, బాబు బండి మీద వెనకాలే. కేయూసీ దగ్గర సిగ్నల్ పడితే బస్సు పక్కకు వచ్చి ఆగాం. కిటికీలోంచి పాప జీరో టికెట్ ఊపుతూ వాణ్ని వెక్కిరించింది.