పలాసలో అద్దాల ఇల్లు, కింద జీడిపప్పు ఆఫీసు: ఏడేళ్ళు వాడాక

మాది శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ. 2018 ఫిబ్రవరిలో గృహప్రవేశం చేశాం. కింద నా జీడిపప్పు బ్రోకరేజీ ఆఫీసు, పైన కాపురం. డిజైన్ చేసింది వేరే ఊరి నుంచి వచ్చిన ఒక ఇంటీరియర్ సంస్థ. వాళ్ళు ఫోన్‌లో చూపించిన బొమ్మలకు మోజుపడింది నేనే కాబట్టి తప్పులో సగం వాటా నాది. ఏడేళ్ళు దాటాయి. కొత్త మోజు తీరింది, రిపేరు బిల్లులు ఫైల్లో చేరాయి.

ముందు అద్దం సంగతి. మాకు రోడ్డు పడమర. ఎలివేషన్ రోడ్డుకే కనపడాలి కదా అని పై హాల్లో పడమటి గోడ మొత్తం తీసేసి, నేల నుంచి బీము దాకా అద్దం పెట్టించాం. ఫొటోల్లో అదిరిపోయింది. ఏప్రిల్ వచ్చాక తెలిసింది అసలు కథ. మూడు దాటితే సోఫాలో కూర్చోలేం. మా అమ్మ ఒకరోజు చాప పట్టుకుని వెనక గదిలోకి పోతూ, "ఏటిరా, ఎండని ఇంట్లోకి పిలిచి మరీ కూకోబెట్టినావు" అంది.

రెండడుగుల సన్‌షేడ్ ఉందిగా అనుకున్నాను. సూర్యుడు పైన ఉన్నప్పుడే అది నీడనిస్తుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కిందనుంచి నేరుగా లోపలికి వచ్చేస్తుంది. కర్టెన్లు వేశాం, కొద్దిగా వెలుగు తగ్గింది తప్ప వేడి తగ్గలేదు. అద్దం దాటి లోపలికొచ్చిన వేడి కర్టెన్‌కి తగిలినా గదిలోనే ఉంటుంది మరి. ఫిల్మ్ అంటించాం, రెండేళ్ళకి బుడగలు లేచింది. చివరికి 2020లో మా తాపీ మేస్త్రి మాట విని, బాల్కనీ అంచున, అంటే అద్దానికి బయట, సిమెంటు జాలీ గోడ కట్టించాను. అద్దం ఖర్చులో ఆరో వంతు కూడా కాలేదు. ఎలివేషన్ పోయిందని మా అబ్బాయి నెల రోజులు అలిగాడు. ఇప్పుడు ఆ జాలీ నీడలో కూర్చునే చదువుకుంటున్నాడు.

జాలీ కట్టకముందే ఇంకో పరీక్ష వచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో ఈ జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఇంటి వరకు చెప్తే, ఆ పెద్ద అద్దం టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) రకం, అది నిలబడింది. పోయింది పక్కనున్న స్లైడింగ్ కిటికీల దగ్గర. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము కింది పట్టాలో నీళ్ళు బయటికి పోయే చిన్న కన్నాలుంటాయి. బిగించినప్పుడు పడిన సిమెంటు అక్కడే గట్టిపడి అవి పూడిపోయాయి. వాన గాలి కొట్టినప్పుడల్లా పట్టా నిండి నీళ్ళు హాల్లోకి పొర్లాయి. మేమంతా బకెట్లు, పాత పంచెలు పట్టుకుని తెల్లారేదాకా అదే పని. ఇప్పుడు ప్రతి సెప్టెంబరులో సైకిల్ పుల్లతో ఆ కన్నాలు నేనే పొడుస్తాను.

తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఏసీలు బొమ్మల్లా వేలాడుతున్నాయి. ఇంట్లో ఊపిరి ఆడింది ఒక్కచోటే, మెట్ల దగ్గర. అక్కడ పైదాకా ఖాళీ వదిలి, శ్లాబ్ మీద నాలుగు వైపులా గాలి పోయే ఏటవాలు రెక్కలు (లూవర్లు) పెట్టారు. వేడిగాలి పైకి లేచి వాటిలోంచి పోతుంటే కిందనుంచి చల్లగాలి లాగుతుంది. పాత మండువా ఇళ్ళ పనే ఇది, కొంచెం ఇరుకుగా. చోటు దండగ అని నేను డిజైన్ రోజుల్లో దీన్ని కొట్టేయమన్నాను, వాళ్ళు వినలేదు. ఆ సంస్థకి ఈ విషయంలో దండం పెట్టాలి. ఆ రాత్రులు అందరం అక్కడే చాపలేసి పడుకున్నాం.

పై కప్పు గురించి ఒక మాట. మాకు మే నడుమ సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, మళ్ళీ జూలై ఆఖర్లో ఇంకోసారి. గోడలకంటే శ్లాబే ఎక్కువ కాగుతుంది, రాత్రి పదింటికి కూడా ఆ వేడి కిందికి దిగుతూనే ఉంటుంది. తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేశాక పడకగదిలో తేడా తెలిసింది. రెండేళ్ళకోసారి మళ్ళీ వేయాలి, దుమ్ము పట్టి మాసిపోతుంది.

ఇక ఆఫీసు. నాకు డబ్బు నష్టం వచ్చింది ఇక్కడే. ఫాల్స్ సీలింగ్ అంచుల్లో పసుపు రంగు ఎల్ఈడీ పట్టీలు పెట్టారు, మూడు వేల కెల్విన్ రకం (వెలుగు రంగుకి లెక్క అది, అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి తెలుపవుతుంది). హోటల్ లాబీలా ఉందన్నారు వచ్చినవాళ్ళు. నా పని శాంపిల్ పప్పు పళ్ళెంలో పోసి రంగు చూడటం. డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌనుకి (దాదాపు 454 గ్రాములకి) 300 నుంచి 320 పప్పులు, సైజు లెక్కపెట్టి చెప్పొచ్చు. తెల్ల పప్పు ఏది, వేడికి రంగు తిరిగింది ఏది అన్నది మాత్రం కంటితోనే తేలాలి. ఆ పసుపు వెలుగులో రెండూ అన్నదమ్ముల్లా కనపడ్డాయి. తెల్లదని నేను ఓకే చేసిన ఒక సరుకు కొన్నవాడి దగ్గర పగటి వెలుగులో బయటపడింది. లారీ కిరాయి నా నెత్తిన పడింది, పరువు సంగతి సరేసరి. మర్నాడే టేబుల్‌ని ఉత్తరం కిటికీ కిందికి జరిపాను. ఆ వైపు వెలుగు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు, జూన్‌లో మాత్రం ఉదయం, సాయంత్రం కాస్త ఎండ పట్టీ పడుతుంది. మబ్బు రోజులకి 6500 కెల్విన్ ట్యూబులు పెట్టించాను. ఇప్పుడు లాబీలా లేదు, పప్పు పప్పులా కనపడుతోంది.

ఇంకోటి, అరుగు. పాత ఆఫీసుకి ముందు అరుగుండేది. కొత్త డిజైన్‌లో అద్దం తలుపు, ఏసీ, కుంగిపోయే సోఫా వచ్చాయి. సీజన్‌లో పిక్కలు (గుల్లతో ఉన్న జీడిగింజలు) తెచ్చే రైతులు చెప్పులు విడిచి తలుపు దగ్గరే నిలబడేవారు. రమ్మంటే వచ్చి సోఫా అంచు మీద ఇలా ఆనీఆననట్టు కూర్చునేవారు. ఒక పెద్దాయన, "నాలుగు మాటలకి ఇంత సల్లటి గదెందుకు బావూ" అన్నాడు. బేరాలు రోడ్డుకి అవతల టీ బడ్డీ దగ్గర జరగడం మొదలైంది. ఉత్తరం వైపు నీడలో ఒకటిన్నర అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పు అరుగు కట్టించి, వంటింటి ప్లాట్‌ఫారానికి తెచ్చిన టెక్కలి గ్రానైట్ మిగిలితే పైన పరిచాను. సోఫా మీద ఇప్పుడు శాంపిల్ సంచులుంటాయి.

వంటిల్లు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఓపెన్ కిచెన్, చేపలు వేయిస్తే సోఫా దిండ్లు రెండ్రోజులు వాసన. చిమ్నీ ఉన్నా అంతే. చేపల పని పెరట్లోకి మారింది. సింకు కింద ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) పెట్టెలు మూడేళ్ళకే అప్పాల్లా ఉబ్బాయి, తడికి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లైతో మళ్ళీ చేయించాం. గ్రానైట్ మాత్రం పసుపు, నూనె, చింతపండు అన్నీ చూసింది, చెక్కుచెదరలేదు.

మార్కులు వేయమంటే కట్టిన రోజు ఇంటికి ఐదుకి రెండున్నర, మార్పులు చేశాక నాలుగు. పోయిన ఒక్క మార్కు హాల్లో రెండంతస్తుల ఎత్తున వేలాడే దీపాల గుత్తిది. దాంట్లో మూడు బల్బులు 2022లో పోయాయి. ఎలక్ట్రీషియన్ సారవ కట్టిస్తేనే ఎక్కుతానంటున్నాడు. ఇంకా కట్టించలేదు.